మొదట చూసినవారికి నిన్నటి రోడ్డు

2023 వానాకాలం నాటి మాట. మహారాష్ట్రలో, నది దాటితే తెలంగాణ వచ్చే సిరోంచాలో, బస్‌స్టాండ్‌కు దగ్గర్లోని సందులో నాకొక చిన్న గది ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, వాన పడితే గోడకు దూరంగా జరపాల్సిన ఒక కుర్చీ. పొద్దున పూట రైతులకు సాత్‌బారా అనే భూమి కాగితాలు తీసి ఇస్తాను, పిల్లల సర్టిఫికెట్ల దరఖాస్తులు ఆన్‌లైన్‌లో నింపుతాను. మధ్యాహ్నం నుంచి నాకు ఇష్టమైన పని: చుట్టుపక్కల దుకాణాలకు వెబ్‌సైట్లు తయారు చేయడం, పాడైతే బాగు చేయడం.

"వెబ్‌సైట్ ఖరాబయ్యుడేంది, అదేమన్న మోటారా?" అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. మోటారే నయం. పాడైన మోటారు ఎవరొచ్చి చూసినా పాడయ్యే ఉంటుంది. వెబ్‌సైట్ అలా కాదు. మీ దగ్గర మొరాయిస్తుంది, నేను చూడబోతే ఏమీ ఎరగనట్టు తెరుచుకుంటుంది. ఇన్నేళ్ల పనిలో నన్ను ఇలా ఆడించిన కేసులు చాలానే ఉన్నాయి గానీ, నా బుర్ర మీద నాకే నమ్మకం పోయేలా చేసింది మాత్రం యూసుఫ్ చాచా రోడ్డు పేజీ.

యూసుఫ్ చాచాది అహేరి రోడ్డు మీద టైర్ల దుకాణం. వాళ్ల నాన్న పెట్టింది. లారీలవాళ్లకు, జీపులవాళ్లకు అక్కడ ఆగి రెండు మాటలు మాట్లాడకుండా ఊరు దాటే అలవాటు లేదు. వానాకాలంలో మా రోడ్డు ఒక మాట మీద నిలబడేది కాదు. సాయంత్రం ఎండి ఉన్న కల్వర్టు మీద తెల్లవారేసరికి వాగు పారుతుంటుంది, మళ్లీ మధ్యాహ్నానికి ఏమీ జరగనట్టు ఉంటుంది. అందుకని చాచా దుకాణం ముందు ఒక నల్లబోర్డు పెట్టారు. ఆష్టి వైపు, ఏటపల్లి వైపు తిరిగే డ్రైవర్లు తెల్లవారుజామునే ఫోన్ చేసి ఎక్కడ నీళ్లున్నాయో, ఎక్కడ లారీ దిగబడిందో చెప్పేవారు. ఆయన నిన్నటి రాతను తడిగుడ్డతో తుడిచి, కొత్తది సుద్దతో రాసేవారు. మా తాలూకాలో సగం మంది ఆ బోర్డు మాట విన్నాకే బయటికి కదిలేవారు.

బోర్డు దాకా రాలేనివాళ్ల కోసం సైట్ పెట్టమని నా దగ్గరకు వచ్చినప్పుడు చాచా పెట్టిన షరతు ఒక్కటే.

"రోజుకొక పేజీ అంటవేమో బేటీ, అది నడవది. బోర్డు ఒక్కటే ఉండాలె. రెండు బోర్డులు పెడితే మనిషి పాతదే సదువుతడు. నేను తుడుస్త, మల్ల అండ్లనే రాస్త."

సరేనన్నాను. వార్తల సైట్లలో అయితే ఏ రోజు వార్తకు ఆ రోజు కొత్త పేజీ పుడుతుంది. చాచా సైట్‌లో ఒక్కటే పేజీ. ఆయన రోజూ అందులోకి వెళ్లి నిన్నటి మాటలు చెరిపి ఇవాళ్టి మాటలు రాస్తారు. బ్లాక్‌బోర్డు మనిషి కదా, చేతికి ఆ అలవాటు పోదు. నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు.

ఇబ్బంది ఒక్కటే, పేజీ నెమ్మది. అడవి వైపు ఊళ్లలో సిగ్నల్ వచ్చేదే దయతలిచినట్టు. "పేజీ తెరుసుకునేలోపట మేమే వాగు కాడికి పోయి సూసొస్తం చాచా" అని డ్రైవర్లు ఎగతాళి చేసేవారు. అందుకని ఆ వానాకాలం మొదట్లో నేను సైట్‌కు ఏఎంపీ ప్లగిన్ తగిలించాను. ప్లగిన్ అంటే సైట్‌కు అదనంగా బిగించే చిన్న పనిముట్టు. ఈ ఏఎంపీ రకం ప్లగిన్ మన పేజీకి మొబైల్ కోసం ఒక బక్కపలుచని రూపం తయారు చేస్తుంది. హంగులన్నీ తీసేసి అక్షరాలు మిగులుస్తుంది. ఇంటర్నెట్‌లో వెతికి వచ్చినవాళ్లకు ఆ బక్క పేజీ ఇట్టే తెరుచుకుంటుంది. పెట్టిన వారంలో డ్రైవర్లంతా మెచ్చుకున్నారు. నేను కూడా కాస్త గాల్లో తేలాను, దాచుకోవడం ఎందుకు.

ఆ సంతోషం ఎక్కువ రోజులు లేదు. ఒకరోజు చాచా దుకాణంలో కూర్చుని బిల్లుల ప్రింటర్ చూస్తున్నాను. రాజక్క వచ్చింది. వాళ్లది ప్రాణహిత ఒడ్డున ఒక పల్లె, వరి పండిస్తారు. భర్త శంకరయ్యకు కిడ్నీలు పాడయ్యాయి. వారంలో రెండుసార్లు అహేరి దారిన పెద్దాసుపత్రికి తీసుకుపోయి డయాలసిస్ చేయించాలి, అంటే మిషన్‌తో రక్తం శుద్ధి చేయించాలి. ఒక్కసారి తప్పినా కాళ్లు ఉబ్బుతాయి, ఊపిరి అందదు. ఆ పల్లె నుంచి చాచా పేజీని అందరికంటే పొద్దున్నే చూసేది ఆమే. జీపు మాట్లాడుకోవాలన్నా వద్దన్నా ఆ పేజీ మీదే.

"భాయ్, రోడ్డు సాఫ్ అని రాసినవ్. నమ్మి జీపు కట్టుకొని పోతే వాగు నిండ పారుతున్నది. మనిషిని ఎనుకకు తిప్పుకొచ్చిన. పండుకుంటె దమ్ము ఆడలె, రాత్రంత కూసునే ఉన్నడు" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

చాచా ముఖం మారిపోయింది. "నేను బంద్ అని రాసిన రాజక్కా. తెల్లారకముందుగాలనే రాసిన. అల్లా సాక్షి."

నేను నా ఫోన్‌లో సైట్ అడ్రస్ కొట్టి చూశాను. బంద్ అనే ఉంది. చాచా ఫోన్‌లోనూ బంద్. రాజక్క ఫోన్ తీసుకుని చూశాను. అందులోనూ బందే! ఆమె తన ఫోన్ తీసుకుని తిప్పి తిప్పి చూసుకుంది.

"పొద్దుగాల గిట్ల లేదు బిడ్డా. నేను నాలుగో తరగతి దాక సదివిన. సాఫ్‌కు బంద్‌కు తేడ తెల్వనిదాన్నా?"

ముగ్గురి ఫోన్లూ ఆమెదే తప్పంటున్నాయి. ఆమె ముఖం చూస్తే అబద్ధం చెప్పే మనిషి కాదు. పొరపాటున పాత పేజీ తెరిచి ఉంచుకుందేమో అనుకుని, ఆమె ఫోన్‌లో తెరిచి ఉన్నవన్నీ మూసేసి పంపాను.

ఆ తర్వాతి వారం సరిగ్గా తిరగబడింది. రోడ్డు సాఫ్ అని చాచా రాశారు, రాజక్కకు బంద్ అని కనిపించింది. ఆమె భర్తను ఇంట్లోనే ఉంచేసింది. మర్నాడు అతనికి ఆయాసం ఎక్కువై, పక్కింటివాళ్ల ట్రాక్టర్ మీద రోడ్డు దాకా తెచ్చి, అక్కడి నుంచి దొరికిన బండిలో ఆసుపత్రికి చేర్చారు. ప్రాణం నిలిచింది. ఆ మాట చెప్పడానికి దుకాణానికి వచ్చినప్పుడు ఆమె పోట్లాడలేదు. "ఇగ నేను నీ పేజీ సూడ భాయ్" అని మాత్రం అని వెళ్లిపోయింది.

చాచా టైరు మీద కూర్చున్నారు. తర్వాత నాతో, "తీసెయ్యి బేటీ సైట్. బోర్డున్నప్పుడు నన్ను ఎవ్వలు అబద్ధాలోడు అనలె" అన్నారు. కొన్నాళ్లు ఆగమని బతిమాలాను. ఆయన కోసమని చెప్పాను గానీ, సగం నా కోసమే. అర్థం కాని తప్పును వదిలేస్తే నాకు అన్నం సయించదు.

ఇక మొదలయ్యాయి నా తిప్పలు. సైట్‌లో క్యాష్ అని ఒకటి ఉంటుంది. పేజీని ప్రతిసారీ కొత్తగా తయారు చేయకుండా, ఒకసారి చేసినదాన్ని దాచి అందరికీ చూపే ఏర్పాటు. అనుమానం దాని మీదికే పోయింది. ఖాళీ చేశాను. బాగానే ఉంది. కానీ ఖాళీ చేయకముందు కూడా బాగానే ఉంది కదా! సైట్ ఉన్న సర్వర్ కంపెనీకి ఫోన్ చేస్తే "మా దగ్గర సరిగానే కనిపిస్తోంది మేడమ్" అన్నారు. నాకూ సరిగానే కనిపిస్తోంది, అదే నా బాధ అన్నాను. అటువైపు మనిషికి ఇదేం గోలో అర్థం కాలేదు. నాకు మాత్రం అర్థమైందా?

డ్రైవర్లను అడిగితే ఇంకా అయోమయం. ఒకరు ఎప్పుడూ సరిగ్గానే ఉందన్నారు. ఒకరు "ఒక్కోపారి పాతది వస్తది, మల్ల తెరిస్తే కొత్తది వస్తది" అన్నారు. నాగేపల్లి దగ్గరి ఒక జీపాయన "జర నెట్ పరేషాన్ ఉంటది లే అక్కా" అని నన్నే ఓదార్చాడు. పాము చావలేదు, కర్ర విరిగింది నాది.

అనుమానం ఏఎంపీ మీదికి మళ్లి ప్లగిన్ ఆపేశాను. అంతే, వెతికి వచ్చినవాళ్లకు "పేజీ దొరకలేదు" అని రావడం మొదలైంది. బక్క పేజీకి వేరే అడ్రస్ ఉంటుంది. ప్లగిన్ ఆపగానే ఆ అడ్రస్ చచ్చిపోతుంది, కానీ ఇంటర్నెట్‌లో వెతికితే ఇంకా అదే చూపిస్తుంది. డ్రైవర్లు నా మీద పడ్డారు. గబగబా మళ్లీ ప్లగిన్ పెట్టాను. పాత తప్పు పోలేదు, కొత్త తప్పు ఒకటి చూసి వచ్చాను.

చివరికి చేయాల్సింది ఒక్కటే మిగిలింది. తప్పు ఎవరికి కనిపిస్తోందో వాళ్ల ఇంటికే వెళ్లి చూడాలి. చాచా తెల్లవారుజామున పేజీ మార్చి నాకు ఫోన్ చేశారు. నేను స్కూటీ మీద బురదలో పల్లెకు చేరేసరికి అప్పుడప్పుడే వెలుగు వస్తోంది. రాజక్క పొయ్యి ముట్టిస్తోంది. శంకరయ్య మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆ రోజు డయాలసిస్ ఉంది.

"అక్కా, రోజు ఎట్ల సూస్తవో గట్లనే సూడు. నేను పక్కన ఉన్ననని యాది మరువు" అన్నాను.

"సూడనని చెప్పిన గద బిడ్డా" అంటూనే ఫోన్ తీసింది. అడ్రస్ కొట్టలేదు. మైకు బొమ్మ నొక్కి పెట్టి "సిరోంచా రోడ్డు" అంది. వెతుకులాటలో మొదట వచ్చినదాన్ని నొక్కింది. నేనూ, చాచా ఎప్పుడూ అడ్రస్ కొట్టి నేరుగా అసలు పేజీకే వెళ్తాం. ఆమె వెళ్తున్నది బక్క పేజీకి. మేము ఇన్నాళ్లూ ముందు తలుపు చూసి బాగుందంటున్నాం, ఆమె దొడ్డి తలుపు నుంచి వస్తోంది.

ఆమె ఫోన్‌లో సాఫ్ అని ఉంది. నిన్నటి మాట. చాచా ఇవాళ రాసింది బంద్. దొంగ దొరికాడనుకున్నాను. వెంటనే నా ఫోన్‌లో నేనూ "సిరోంచా రోడ్డు" అని వెతికి అదే నొక్కాను. నాకు బంద్ వచ్చింది!

రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టాం. ఒకటే పేజీ, ఒకటే దారి, ఒకటి సాఫ్ అంటుంది, ఒకటి బంద్ అంటుంది.

"నీది మంచి ఫోన్ బిడ్డా. నాది పాతది" అంది రాజక్క. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను.

"గదంత తర్వాత సూసుకోండ్రి. ఇయ్యాల పోవుడా, ఉండుడా? గది చెప్పుండ్రి ముందుగాల" అన్నాడు శంకరయ్య. చాచాకు ఫోన్ చేశాను. డ్రైవర్లతో ఆయన లైన్ ఖాళీ లేదు. ఆ వేళకు ఎప్పుడూ అంతే, అసలు ఆయన పేజీ పెట్టించుకున్నదే అందుకు. ఎట్టకేలకు కలిసి, మధ్యాహ్నానికి నీళ్లు దిగుతాయన్నారు. మధ్యాహ్నం వెళ్లి చేయించుకొచ్చారు.

మర్నాడు మళ్లీ వెళ్లాను. ఈసారి కొత్తగా కనిపెట్టేదేముందిలే, ఆమె ఫోన్‌లో సెట్టింగులు మార్చి వద్దామని. ఆమె చేతిలో పని ఉండి ఫోన్ తీయడం ఆలస్యమైంది. ఊరికే ఉండలేక ముందుగా నా ఫోన్‌లో వెతికాను. పాతది వచ్చింది. కొత్త ఫోన్‌లో! తర్వాత రాజక్క చేయి తుడుచుకుని వచ్చి చూసింది. ఆమెకు సరైనది వచ్చింది.

"నీది గూడ ఖరాబైందా ఏంది?" అని నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

ఖరాబైంది ఫోన్ కాదు. నిన్న ఆమె ముందు చూసింది, ఆమెకు పాతది. ఇవాళ నేను ముందు చూశాను, నాకు పాతది. గదికి తిరిగొచ్చి, ఏఎంపీ గురించి ఇంగ్లీషులో ఉన్న వివరాలన్నీ మొదటి నుంచి చదివాను. నేను ఎన్నోసార్లు చూసి దాటేసిన వాక్యం అక్కడే ఉంది. బక్క పేజీ అంత తొందరగా తెరుచుకోవడానికి కారణం, దాని నకలు ఒకటి వెతికిపెట్టే కంపెనీవాళ్లు తమ దగ్గర దాచుకుంటారు. ఎవరైనా అడగగానే దాచిన నకలును చేతిలో పెడతారు. పెట్టాక, వెనక నుంచి మన సైట్‌కు వచ్చి ఏమైనా మారిందా అని చూసి కొత్తది తీసుకెళ్తారు. అంటే అడిగిన మొదటి మనిషికి పాతది, ఆ తర్వాతి మనిషికి కొత్తది. రోజుకొక కొత్త పేజీ పుట్టే సైట్లకు దీనితో ఇబ్బంది లేదు, కొత్త పేజీకి పాత నకలే ఉండదు. క్షణానికి వందల మంది చూసే సైట్లకూ లేదు, మొదటి మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. మా పేజీ రోజూ అదే, తుడిచి రాసేది. దాన్ని తెల్లవారుజామున వెతికి చూసే మొదటి మనిషి రాజక్క ఒక్కతే. నిన్నటి నకలు ఆమెకు అందేది. ఆమె చూసిన పుణ్యాన మిగతా అందరికీ ఇవాళ్టిది అందేది.

చాచాకు ఇదంతా చెప్పడానికి టీ రెండుసార్లు తాగాల్సి వచ్చింది.

"అంటే ముందుగాల లేసినోళ్లకు సద్ది అన్నం, ఎనుక లేసినోళ్లకు వేడి అన్నమా?"

"గంతే చాచా."

"మరి రెండు బోర్డులు వద్దని నేను మొదలే చెప్పిన గద!" అన్నారు. నిజమే. ఆయన తుడిచే బోర్డు ఒకటి, కంపెనీవాళ్లు దాచిన బోర్డు ఇంకొకటి. రెండోది ఉందని ఆయనకు తెలియదు. తగిలించిన నాకూ తెలియదు.

బాగు చేసే దారి తెలిసింది గానీ ఒక్క పూటలో అయ్యేది కాదు. ముందు అసలు పేజీనే తేలిక చేయాలి. అందులో పైన దొర్లుతూ ఉండే టైర్ల ఫొటోలు చాచాకు ప్రాణం. "తీసెయ్యి, వాగు కాడ టైర్లు ఎవలు సూస్తరు" అన్నారు ఆయనే. పేజీ తేలికయ్యాక ప్లగిన్‌తో పనిలేదు. ఈసారి ప్లగిన్ తీసేస్తూ, బక్క పేజీ అడ్రస్‌కు వచ్చినవాళ్లను అసలు పేజీకి మళ్లించే రీడైరెక్ట్ కూడా పెట్టాను. అయినా వాళ్లు దాచుకున్న నకళ్లు పూర్తిగా మాయం కావడానికి కొన్నాళ్లు పడుతుంది. ఆ కొన్నాళ్లలో రాజక్క సంగతి ఏంటి?

సరిగ్గా అప్పుడే పెద్ద వాన పట్టుకుంది. మర్నాడు శంకరయ్య డయాలసిస్. నేను వెళ్లి, పేజీలో ఏం వచ్చిందో చూసి నాకు ఫోన్ చేయమని, సరిచూసి చెప్తానని అడిగాను. "ఆఖరు పారి సూస్త" అంది. పొద్దున ఆమే ఫోన్ చేసింది. "అహేరి రోడ్డు బంద్ అని వచ్చింది బిడ్డా. బ్రిడ్జి మీదికెల్లి తెలంగాణ దిక్కు సాఫ్ అట. గది నమ్మాల్నా?"

అడ్రస్ కొట్టి అసలు పేజీతో సరిచూశాను, అది ఆ రోజుదే. నమ్మమన్నాను. వాళ్లు నది దాటి, ఖర్చు ఎక్కువైనా అవతలి ఆసుపత్రికి వెళ్లి, చీకటి పడకముందే తిరిగొచ్చారు. అహేరి దారిలో కల్వర్టు ఆ రోజంతా నీళ్లలోనే ఉంది.

నాకు ఆనందం కంటే ముందు అనుమానం వచ్చింది. నకలు ఇంకా మాయం కాలేదు, మొదట చూసిన మనిషికి పాతదే రావాలి. రాజక్కకు కొత్తది ఎలా వచ్చింది? దుకాణానికి వెళ్లి చాచాను అడిగాను.

"రాసినంక నేనే ముందుగాల ఫోన్ల 'సిరోంచా రోడ్డు' అన్న. పాతది నాకు వచ్చింది. మల్ల అన్న, కొత్తది వచ్చింది. అప్పుడు నమాజ్‌కు పోయిన."

ఆ ఏర్పాటు ఆయనే చేసుకున్నారు, నాకు చెప్పనుకూడా లేదు. సద్దన్నం తన కంచంలో వేసుకుని, వేడన్నం ఆమెకు వదిలారు.

ఆ కేసు తర్వాత నా పని మారింది. ఇప్పుడు ఏ సైట్ బాగు చేసినా నా గదిలో చూసి "బాగుంది" అనను. దాన్ని వాడే మనిషి ఏ వేళకు, ఏ ఫోన్‌తో, ఏ దారిన వస్తారో అడిగి, వీలైతే వాళ్ల పక్కన కూర్చుని చూస్తాను. నకళ్లన్నీ పోయాక, ఇక ఆయన ముందు చూడాల్సిన పనిలేదని చాచాకు చెప్పాను. విన్నారు, తలూపారు, మర్నాడూ ముందుగా చూశారు. ఇప్పటికీ చూస్తున్నారు. ఎందుకని ఒకసారి గట్టిగా అడిగాను.

"పేజీ తప్పు జెప్పింది అంటవ్ నువ్వు. మొగనికి దమ్మాడక రాజక్క రాత్రంత కూసున్నప్పుడు ఆమెకు పేజీ యాదికి రాలె బేటీ. నేనే యాదికొచ్చిన."